పలకల కింద జంగు

2025 దసరాకు ఊరు వెళ్ళినప్పుడు, చేతిసంచీ కింద పెట్టకముందే మా నాయన నన్ను డాబా మీదికి రమ్మన్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లెక్కడం బాగా తగ్గించాడు. ఆ రోజు మాత్రం గోడ పట్టుకొని నాకన్న ముందే ఎక్కాడు. సోలార్ పలకల వరుస దగ్గర మెల్లగా కూర్చొని, తల వంచి, వాటి కిందికి వేలు చూపించాడు.

"ఇగో జూడు. బోల్టులకు జంగు వట్టింది. స్టీలువి అన్నవు గద?"

వంగి చూశాను. పలకను పట్టి ఉంచే బోల్టు తల చుట్టూ, వాషరు అంచున, ఆరిన తాంబూలపు మరక వంటి ఎరుపు. కొన్నిచోట్ల ఆ ఎరుపు చారలుగా జారి, కింది ఇనుప కాళ్ళ జింకు పూత మీద మరకలు కట్టింది. రుద్దితే వేలికి అంటింది. సందేహం లేదు, తుప్పే.

ఆ పలకలు మా ఇంట్లో కేవలం కరెంటు యంత్రాలు కావు. మా అమ్మకు ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోవడమంటే మహా చిరాకు. ఇంటి మీద ఇంత ఎండ పడుతుంటే దీన్ని పట్టుకునే ఉపాయం లేదా అని ఎప్పుడూ అడిగేది. ఆమె 2024 జనవరిలో పోయింది. మరుసటి నెలలోనే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ అన్నారు. ఆ వేసవిలోనే ఆరు పలకలు పెట్టించాను. కరెంటు పోతే ఇవీ ఆగిపోతాయని, బ్యాటరీ లేని ఏర్పాటు ఇంతేనని తరువాత తెలిసింది. అయినా నెల బిల్లు చూసుకున్నప్పుడల్లా నాయన, "మీ అమ్మ జూడలె" అనేవాడు. అందుకే ఆ తుప్పు నాకు బోల్టు మీద ఉన్నట్టు అనిపించలేదు.

మా ఊరు చేవెళ్ళ మండలంలోది. హైదరాబాదు నుంచి బీజాపూరు రోడ్డు పట్టుకొని మొయినాబాదు మీదుగా రావాలి. ఈ దారి మర్రిచెట్ల గురించి, రోడ్డు వెడల్పు వివాదం గురించి మీలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. టమాటా, క్యారెట్టు, కొత్తిమీర, బంతిపూలు పండే నేల. ఇటు 1920లో పూర్తయిన గండిపేట, అటు 1927 నాటి హిమాయత్‌సాగరు. ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో కాలుష్యం కలిగించే పరిశ్రమలు రాకూడదని 1996లో 111వ నంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో మీద తరువాత ఎన్ని చర్చలు జరిగినా, మా డాబా మీద నిలబడి నాలుగు దిక్కులు చూస్తే ఒక్క పొగగొట్టం కనిపించదు. సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం.

నేను కొన్నేళ్ళు విశాఖపట్నంలో ఉద్యోగం చేశాను. అక్కడ బాల్కనీ కమ్మీలు మొదలు సైకిలు గొలుసు దాకా అన్నిటినీ ఉప్పుగాలి తినేయడం చూశాను. తుప్పు సముద్రతీరపు రోగమని నా మనసులో స్థిరపడిపోయింది. ఉప్పుగాలి లేదు, ఫ్యాక్టరీ లేదు, పైగా అది స్టెయిన్‌లెస్ స్టీలు. బిల్లులో 304 రకం అని స్పష్టంగా రాసి ఉంది. మరి ఎందుకు పట్టింది?

పలకలు బిగించిన వారికి ఫోను చేశాను. అటువైపు మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ పక్కన కోళ్ళ ఫారం ఉంది కదా సార్, అమ్మోనియా గాలి. దానికి మేమేం చేస్తాం?" అన్నాడు.

నిజమే, మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో కోళ్ళ షెడ్లు ఉన్నాయి. అవి నేను కాక అని పిలిచే మనిషివి. మాకు చుట్టరికం లేదు, వరుస మాత్రం ఉంది. నాయనకు ఆయన తమ్ముడి కింద లెక్క. అమ్మ పోయిన రోజు ఊరికి నేను చేరేసరికి, చేయవలసిన ఏర్పాట్లన్నీ ఆయనే చేసి ఉంచాడు. ఆ తరువాత ప్రతి సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి నాయనతో పులిమేక ఆడేవాడు. నేను నగరంలో నిశ్చింతగా ఉండగలిగానంటే ఆ సాయంత్రాల వల్లనే.

అమ్మోనియా మాట పుట్టించిన కల్పన కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. పశువుల కొట్టాల మీద, కోళ్ళ షెడ్ల మీద పెట్టే పలకలు ఆ వాయువును తట్టుకుంటాయో లేదో చూడడానికి అంతర్జాతీయ ప్రమాణమే ఒకటి ఉంది, ఐఈసీ 62716. ఆ సంగతి తెలియగానే నా అనుమానానికి శాస్త్రం తోడైనట్టయింది. సగం తెలిసిన శాస్త్రం మనిషికి ఎంత ధైర్యం ఇస్తుందో ఆనాడు తెలియలేదు.

దసరా మరునాడు సాయంత్రం కాక అరుగు మీదికి వచ్చాడు. పులిమేక పటం పరిచి ఉంది. నేను తుప్పు పట్టిన బోల్టు ఫోటో చూపించి, షెడ్లలో ఎరువు ఎన్నాళ్ళకు ఎత్తిస్తారని అడిగాను. అడగడం ఒక తీరుగానే మొదలుపెట్టాను. మాట మీద మాట పెరిగి చివరకు, "మీ షెడ్ల గాలితో లక్షల రూపాయల సామాను పాడవుతున్నది" అనేశాను.

కాక నా ముఖంలోకి చూసి, "కొడుకా, గాలికే జంగు వడితే ముందుగాల నా షెడ్లకు వట్టాలె. కోళ్ళు నీళ్ళు దాగే నిప్పల్లున్నయి, ఆటి పుల్లలు గూడ స్టీలే. వచ్చి జూడు" అన్నాడు.

నేను వెళ్ళలేదు. అంత చదువుకున్నవాణ్ణి, కోళ్ళ షెడ్డులో ఏం చూడాలి అనుకున్నాను. కాక పటం మీది గింజలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసి, నాయనతో "పోయొస్త అన్నా" అని లేచాడు.

మరునాడు రాలేదు. వారం తరువాత ఫోను చేస్తే నాయన, "ఇంక రాలేదు" అన్నాడు. మరేమీ అనలేదు. నా మాటల గురించి మంచిగానో చెడ్డగానో ఒక్క ముక్క అనలేదు. ఆ నెలంతా ఫోనులో ఆయన గొంతు వెనుక టీవీ శబ్దం తప్ప మరో మనిషి గొంతు వినిపించలేదు.

ఇంకొకవైపు భయం పట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున నేను విశాఖలోనే ఉన్నాను. రేకులు కాగితాల్లా గాలిలో తిరగడం కిటికీ వెనుక నుంచి చూసినవాణ్ణి. మా ఊరికి తుఫాను రాదు గానీ ఎండాకాలం సాయంత్రాలు వచ్చే గాలిదుమారం తక్కువది కాదు. కాగితం తీసి లెక్క వేశాను. భవనాల మీద గాలి ఒత్తిడికి మన దేశపు ప్రమాణం, ఐఎస్ 875 మూడవ భాగం, హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల వేగం తీసుకొమ్మంటుంది. అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఆ 44ను వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది: సుమారు 1160. మా పలక ఒక్కొక్కటి రెండున్నర చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. వాలును బట్టి, ఎత్తును బట్టి హెచ్చుతగ్గులున్నా, అంత గాలి వచ్చిన రోజున ఒక్కో పలక మీద 300 కిలోల బరువుకు సాటివచ్చే తోపుడు ఉంటుందన్న మాట. పలక బరువు 28 కిలోలు. మిగిలినదంతా చిటికెన వేలంత బోల్టులు ఆపాలి. ఆ డాబా కింద గదిలో మా నాయన పడుకుంటాడు.

నవంబరులో నా పాత మిత్రుడొకరిని వెంటబెట్టుకొని వెళ్ళాను. కంచన్‌బాగులోని మిధానిలో ముప్పై ఏళ్ళు లోహాలతో గడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. జేబులో భూతద్దం లేకుండా ఇల్లు కదలడు. డాబా ఎక్కి ఓ అరగంట ఏమీ మాట్లాడకుండా పలకల కింద పాకుతూ తిరిగాడు. తరువాత నీడకు వచ్చి కూర్చొని అడిగాడు.

"మీ ఇంట్లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేవారు కదా?"

వేయించేవారు. నా చిన్నతనంలో ఏడాదికి ఒకటి రెండు సార్లు కళాయి వేసేవాడు వచ్చి చింతచెట్టు కింద కొలిమి పెట్టేవాడు. కాలిన గిన్నెలో నవాసారం చల్లి, తగరం తాకించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే కిలుమెక్కుతుందని అమ్మ ముట్టుకునేది కాదు. స్టీలు గిన్నెలు వచ్చిన తరువాత కళాయివాళ్ళు రావడం మానేశారు.

"స్టెయిన్‌లెస్ స్టీలు తన కళాయి తానే వేసుకుంటుంది," అన్నాడు మిత్రుడు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజనుతో కలిసి పైన ఒక పొర కడుతుంది. మందం రెండు మూడు నానోమీటర్లు, మన వెంట్రుక మందంలో ఇరవై వేలవ వంతు కన్న పలుచన. గీత పడితే అక్కడ గాలి తగలగానే పొర మళ్ళీ కడుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో తుపాకి గొట్టాల కోసం మంచి ఉక్కు వెతుకుతూ హ్యారీ బ్రియర్లీ చూసినది ఈ గుణాన్నే. మనం వంటింట్లో వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి.

"అంత పలుచని కళాయి దేనికి చెదురుతుంది?" అని అడిగాను.

"మీ అమ్మగారు ఉప్పు దేంట్లో పోసేవారు?"

జాడీలో. ఎప్పుడూ జాడీలోనే. పెళ్ళయిన కొత్తలో నా భార్య ఒకసారి స్టీలు డబ్బాలో ఉప్పు పోస్తే అమ్మ మొత్తం ఒంపించి, "ఉప్పు స్టీలును తింటది బిడ్డా" అన్నది. మేము నవ్వుకున్నాం. స్టీలును ఉప్పు తినడమేమిటని.

తింటుంది. ఉప్పులో ఉన్న క్లోరైడు ఆ పొరలో బలహీనమైన చోటు వెతుక్కొని సూదిమొనంత రంధ్రం చేస్తుంది. రంధ్రం లోపలికి ఆక్సిజను సరిగా అందదు, కనుక కళాయి మళ్ళీ పడదు. లోపలి నీరు అంతకంతకు ఆమ్లమై లోహాన్ని కరిగిస్తుంది. వాషరు కింద, మరల మధ్య, రెండు లోహపు ముక్కలు ఒరుసుకునే సందులో ఇది మరీ సులువు. బయటికి కనిపించే ఎరుపు కొసరు మాత్రమే. అసలు పని సందులో జరుగుతుంటుంది.

"సరే, ఉప్పు మా డాబా మీదికి ఎట్లా వచ్చింది?" అన్నాను. మనసులో ఇంకా కోళ్ళ షెడ్లే ఉన్నాయి.

మిత్రుడు చెయ్యి పట్టుకొని మూడు సంగతులు చూపించాడు. మొదటిది, వాన తగిలే చోట ఉన్న బోల్టులు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. తుప్పు పట్టినవన్నీ పలకల చాటున వాన తగలనివి. వాన లోహానికి శత్రువని అనుకుంటాం గానీ, స్టెయిన్‌లెస్ స్టీలును కడిగి కాపాడేది వానే. పలక గొడుగై ఆ స్నానాన్ని ఆపింది. రెండవది, పలకలు దక్షిణానికి వాలి ఉంటాయి, ముందు కాళ్ళు అడుగున్నర, వెనుక కాళ్ళు నాలుగడుగులకు కొంచెం తక్కువ. తుప్పంతా ముందు కాళ్ళ దగ్గరే. నాలుగడుగుల ఎత్తున ఉన్న బోల్టులకు పెద్దగా లేదు. గాలిలో వచ్చినదైతే ఎత్తు పల్లాల భేదం ఎందుకు? ఇది నేల నుంచి లేచినది. ముందు కాళ్ళ అడుగున జింకు పూత మీద తెల్లని పొడి కూడా అందుకే కట్టింది.

మూడవది చూపించడానికి మెట్ల గదిలోకి తీసుకువెళ్ళాడు. పలకలు బిగించినప్పుడు మిగిలిన బోల్టులు ఒక పాలిథీను సంచిలో అక్కడ మూలన పడి ఉన్నాయి. అవి ఒక్కనాడు కూడా డాబా ఎక్కలేదు. వాన చూడలేదు, ఎండ చూడలేదు, కోళ్ళ గాలి చూడలేదు. తలుపు కిటికీలు మూసిన గది. సంచి తెరిస్తే బోల్టులు ఎర్రగా ఉన్నాయి. డాబా మీదివాటికన్న ఎక్కువ ఎర్రగా.

సంచి పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత వదులుగా ఉంది. మిత్రుడు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకోకుండానే, "ఇది ఎప్పుడు తెచ్చావు?" అన్నాడు.

నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. 2025 జనవరిలో అమ్మ సంవత్సరీకం. బంధువులు, ఊరివాళ్ళు కలిసి రెండు వందల మందికి డాబా మీదనే భోజనాలు. డాబా మీద పరిచిన తెల్ల టైల్సుకు కట్టుబడి నాటి సిమెంటు మరకలు అట్లాగే ఉన్నాయి. అమ్మ పేరిట అన్నం పెట్టే చోటు అద్దంలా ఉండాలని నేనే పట్టుబట్టాను. నేనే చేవెళ్ళ వెళ్ళి టైల్సు కడిగే యాసిడ్ పది లీటర్లు తెచ్చాను. నేనే దగ్గరుండి పోయించాను. టైల్సు మీద బుసబుస పొంగి తెల్లటి ఆవిరి లేస్తుంటే, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని, మరకలు పోతున్నాయని సంతోషించాను. మిగిలిన రెండు లీటర్లు మెట్ల గదిలో పెట్టించాను.

ఆ యాసిడ్ హైడ్రోక్లోరికామ్లం. అంటే క్లోరైడు, ఆమ్లం, రెండూ ఒకే డబ్బాలో. ఆ ఆవిరి పలకల గొడుగు కింద చేరి చల్లటి లోహం మీద చెమ్మగా పట్టింది. టైల్సును కడిగించాను గానీ బోల్టులను కడిగించాలని నాకు తెలియదు. జనవరిలో పట్టినది, వానలు దాటి, దసరా నాటికి ఎర్రగా బయటపడింది. మెట్ల గదిలోనైతే వదులు మూత లోంచి పది నెలలుగా పని సాగుతూనే ఉంది.

మిత్రుడు ఇంకో సంగతి కూడా బయటపెట్టాడు. మంచి బోల్టు తల మీద ఏ2-70 వంటి గుర్తు ఉంటుంది. ఏ2 అంటే 304 జాతి, 70 అంటే దాని బలం. మాలో చాలా బోల్టులకు ఆ గుర్తు ఉంది, తొమ్మిదింటికి లేదు. గుర్తు లేనివే అందరికన్న ఘోరంగా పాడయ్యాయి. నికెలు ఖరీదైనది కనుక దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 200 వరుస స్టీలు మన బజారులో విరివిగా దొరుకుతుంది. మెరుపులో తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూస్తే చాలనుకుంటారు గానీ రెండు రకాలూ దానికి సరిగా అంటుకోవు. మిత్రుడు సంచిలోంచి చిన్న సీసా, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీసి, ఆ బోల్టుల మీద చుక్క వేసి తాకించాడు. తొమ్మిదింటి మీదా చుక్క ఎర్రబడింది. గుర్తున్నవాటి మీద ఎర్రబడలేదు. తరువాత బిగించిన వారిని నిలదీస్తే, ఆ రోజు బోల్టులు తక్కువపడి దగ్గరి దుకాణంలో కొన్నామని ఒప్పుకున్నారు. అది వాళ్ళ తప్పు. కానీ గుర్తున్న బోల్టులకు కూడా తుప్పు పట్టించినది మాత్రం నేను.

మధ్యాహ్నం భోజనం చేయకుండానే కాక షెడ్ల దగ్గరికి వెళ్ళాం. లోపల అడుగు పెట్టగానే కళ్ళు మండాయి. వరుసగా నీటి గొట్టాలు, వాటికి వేలాడే నిప్పల్లు. కోడి ముక్కుతో పొడిస్తే కదిలి నీటిచుక్క వదిలే చిన్న స్టీలు పుల్ల ఒక్కో నిప్పల్‌కు ఒక్కటి. మిత్రుడు భూతద్దం పెట్టి పదీ పదిహేను చూశాడు. అన్నీ మెరుస్తున్నాయి. అమ్మోనియా రాగిని, ఇత్తడిని, జింకును బాధిస్తుంది గానీ ఈ రకపు స్టీలును సాధారణంగా ఏమీ చేయదు. రోజూ ఆ గాలి మధ్యనే ఉన్న పుల్లలకు లేని తుప్పు, రెండు వందల గజాల అవతల నా బోల్టులకు ఎట్లా పడుతుంది? నెల కిందట కాక నన్ను వచ్చి చూడమన్నది దీన్నే.

కాక దాణా బస్తా మీద కూర్చొని ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. యాసిడ్ సంగతి, డబ్బా సంగతి, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నిప్పల్ వైపే చూస్తున్నాడు. చివరికి, "వదినె ఏడాదికి నేను గూడ బక్కెట్లతోటి నీళ్ళు వోసిన గద కొడుకా, నాకు గూడ తెల్వలె" అన్నాడు. నా తప్పులో తానూ సగం పంచుకున్నాడు. దానికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు. మిత్రుడు ధర్మమా అని కోళ్ళ రేటు ఎట్లా ఉందని అడిగి మాట మార్చాడు.

ఎర్రబడిన బోల్టులు మాత్రమే మారిస్తే చాలు కదా అని సాయంత్రం అడిగాను. మిత్రుడు ఒప్పుకోలేదు. స్విట్జర్లాండులోని ఉస్టర్ అనే ఊళ్ళో 1985 మే 9న ఒక ఈతకొలను మీద వేలాడదీసిన కాంక్రీటు పైకప్పు కూలి 12 మంది చనిపోయిన సంగతి చెప్పాడు. ఆ కప్పును మోస్తున్నవి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. కొలను నీటిలో కలిపే క్లోరిను వల్ల గాలిలో చేరిన క్లోరైడులు, కడ్డీల మీద ఎడతెగని లాగుడు, రెండూ కలిసి లోపల పగుళ్ళు పుట్టించాయి. వేడి వాతావరణంలో తప్ప ఈ పగుళ్ళు రావని అంతవరకు నిపుణులు అనుకునేవారు. మామూలు గది వేడిమిలోనే వచ్చాయి. బిగించిన బోల్టు కూడా ఎడతెగని లాగుడులో ఉంటుంది, యాసిడ్ సోకిన తరువాత పైకి మెరుస్తున్నంత మాత్రాన దాన్ని నమ్మలేం, అన్నాడు.

డిసెంబరులో ముందు వరుస బోల్టులన్నీ మార్పించాం. ఒకేసారి విప్పకుండా, ఒకటి తీసి దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండవది. నాలుగు బోల్టులకు నట్లు పట్టేసి ఊడి రాలేదు. స్టీలు మీద స్టీలు బిగుసుకుంటే అట్లా ఒకటైపోవడం మామూలేనట. రంపపు బ్లేడుతో కోయవలసి వచ్చింది. కోసిన ఇనుప రజను కొత్త బోల్టుల మీద పడితే ఆ రజనుకు తుప్పు పట్టి వీటికి మరకవుతుందని మిత్రుడు కింద గుడ్డ పరిపించి, తరువాత అంతా మంచినీటితో కడిగించాడు. కొత్తవాటి మరలకు పట్టేయకుండా ఉండే పేస్టు పూసి, తగినంత బలంతోనే బిగించే రెంచి వాడించాడు. ఇనుప బ్రష్షు దగ్గరికి రానివ్వలేదు. కొత్త బోల్టులు ఏ4 గుర్తువి తెద్దామా అన్నాను. అవి 316 జాతి, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండి ఉప్పుకు బాగా ఓర్చుకుంటాయి. విశాఖలోనో కాకినాడలోనో అయితే అవే వేయించమన్నాడు. "మీ ఊరికి ఏ2 చాలు. యాసిడ్ పోయకుండా ఉంటే," అన్నాడు. ఇనుప కాళ్ళ అడుగున తెల్లని పొడి కడిగి జింకు కలిసిన పెయింటు వేయించాం. ఆ మిగిలిన యాసిడ్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా పోసి, సున్నంతో విరిచి వదిలించుకున్నాం.

ఇప్పుడు పలకలు కడిగేటప్పుడు వాటి కింద కూడా ఒక బక్కెట్టు నీళ్ళు చల్లమని నాయనకు చెప్పాను. మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి చారలు కడతాయి, కనుక వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్ళు వాడుతున్నారు. ఆ పని నాయన చేయడు, కాక చేస్తాడు. నాయన కింద అరుగు మీద కూర్చొని పులిమేక పటం పరిచి ఆయన దిగి వచ్చేదాకా ఎదురు చూస్తాడు.

ఒక రోజు నాయనను అడిగాను, నేను కాకను అన్ని మాటలంటుంటే నీవెందుకు ఊరుకున్నావని.

"జంగు జూపెట్టింది నేనే గద," అన్నాడు. "నువ్వు గింత దూరం వోతవని తెల్వలె."

మా ఇంట్లో ఆ ఉప్పు జాడీ ఇంకా అమ్మ పెట్టిన చోటే ఉంది. చదివే మిత్రులలో ఎవరి డాబా మీదనైనా పలకలుంటే, ఒకసారి వాన తగలని చోట వంగి చూడండి. తరువాత మెట్ల గదిలో డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో కూడా చూడండి. పక్కింటివైపు చూడడం ఆ తరువాత.